ఉత్తరంలో ఉన్నది

ఫోను మూడోసారి చదివింది.

“మీరు న్యాయశాస్త్రం కోర్సుకు ఎంపికైనట్లు తెలియజేయుటకు సంతోషిస్తున్నాము.”

ఆ గొంతులో సంతోషమూ లేదు, విచారమూ లేదు. వారం రోజులుగా సబ్బు కవరునీ, తలనొప్పి మాత్రల అట్టనీ, కరెంటు బిల్లునీ ఎలా చదివిందో ఈ ఉత్తరాన్నీ అలాగే చదివింది.

కాలేజీ స్నేహితురాలెవరో చిన్నదాని ఫోనులో ఆ ఏర్పాటు చేసిపెట్టింది. కాగితం ముందు ఫోను పట్టుకుంటే చాలు, అచ్చులో ఏముంటే అది చదువుతుంది. అప్పటినుంచీ ఇంట్లో ఏ కాగితాన్నీ అది వదిలిపెట్టలేదు. “రేడియోకి ఇంకో రేడియో దొరికింది” అని అమ్మ నవ్వింది కూడా. చిన్నదాన్ని ఇంట్లో అందరూ రేడియో అనే పిలుస్తారు. ఏడో ఏట చూపు పోయాక, ఒకసారి విన్న పాఠాన్ని చదివినవాళ్ళ గొంతుతో సహా తిరిగి అప్పజెప్పేది. ఆ పేరు అలా అతుక్కుపోయింది.

ఇప్పుడు నవ్వేవాళ్ళు లేరు. అమ్మ ముందుగదిలో ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. నాన్న చొక్కా బొత్తాలు సగం పెట్టుకుని, మిగతావి పెట్టుకోవడం మర్చిపోయాడు.

రేడియో నేల మీద కూర్చునుంది. దాని చుట్టూ అక్క బీరువాలోంచి లాగిన కాగితాలు. వేరే దరఖాస్తుకి తనకి చూపు లేదన్న సర్టిఫికెట్టు కావాలని అది పొద్దున్నే వెతకడం మొదలుపెట్టింది. చీరల కింద, పాత ప్రూఫుల కట్టలో, మడిచిన కవరు చేతికి తగిలింది.

“అక్కా, ఆ రోజు నువ్వు చదివిందేంటి?”

పెద్దమ్మాయి వంగి కింది కాగితాలు ఏరబోయింది.

“నాకు గుర్తుంది, చెప్పనా? ‘ఈసారికి అవకాశం కల్పించలేకపోతున్నందుకు విచారిస్తున్నాము’ అని చదివావు. ‘మీ ఉజ్వల భవిష్యత్తుకు శుభాకాంక్షలు’ అని కూడా చదివావు. అంత బాగా ఎలా అల్లావే? ముందే అనుకుని పెట్టుకున్నావా, అప్పటికప్పుడు వచ్చిందా?”

“అప్పటికప్పుడే,” అంది పెద్దమ్మాయి.

నిజమే చెప్పింది. ఆవేళ పోస్టులో కవరు రాగానే రేడియో పక్కన నిలబడి చెయ్యి పట్టుకుంది. “చదువు చదువు” అంటూ గోళ్ళు దిగేలా నొక్కింది. పెద్దమ్మాయి ముందు ఉత్తరమంతా కళ్ళతో చదివేసింది. అది ఆమెకు అలవాటు. ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది ఆమే. ఒక్క కామా జారిపోనివ్వదనీ, ఆమె కన్ను పడిన పుస్తకంలో తప్పు దొరికితే బహుమతి ఇస్తాననీ యజమాని అందరితోనూ అంటుంటాడు.

ఉత్తరం మూడో పేరాలో, అక్కడ ఏమేం ఉన్నాయో రాశారు. హాస్టలు. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే లాప్‌టాపు. బ్రెయిలీ పుస్తకాల గది. పరీక్షలు రాసిపెట్టడానికి మనుషులు. తెల్లకర్రతో ఒంటరిగా నడవడం నేర్పేవాళ్ళు. పెద్దమ్మాయి ఆ పేరా చివరికంటా చదివింది. చదివాక నోరు తెరిస్తే ‘విచారిస్తున్నాము’ అన్న మాట వచ్చింది. ఒకసారి ఆ మాట వచ్చాక మిగతావన్నీ దాని వెనకే వరస కట్టి వచ్చాయి.

“ఎందుకే?” అమ్మ అడిగింది. “ఎందుకు చేశావే అలా?”

“దాన్ని అడగకమ్మా. నేనడుగుతున్నా. అక్కా, నేను వెళ్తే నీకేం పోయింది?”

“పద్నాలుగేళ్ళు చదివానే నీకు.”

“నేను అడిగానా?”

“అడిగావు! రోజూ అడిగావు. గొంతు బొంగురుపోతే వేణ్ణీళ్ళు తెచ్చిచ్చి మరీ చదివించావు. నా డిగ్రీ రెండో ఏడు పుస్తకాలు అటక మీదే ఉన్నాయి. ఆ ఏడు నీ పదో తరగతి. గుర్తుందా? నీ పుస్తకాలు చదివాను, నావి చదవలేదు.”

“దానికి ఇదా శిక్ష?”

“శిక్ష కాదు.” పెద్దమ్మాయి ఉత్తరం మూడో పేరా మీద వేలు పెట్టింది. “అక్కడ నీకు చదివే మిషను ఉంది. రాసే మనిషి ఉన్నాడు. నడక నేర్పే మనిషి ఉన్నాడు. నేనొక్కదాన్నే లేను. అంతే.”

బయట ఎవరో బట్టల మూట దించి “అమ్మగారూ” అని పిలిచారు. అమ్మ కదల్లేదు.

“అందరూ ఏమనేవారు?” అంది రేడియో మెల్లగా. “నీకేంటే, నీ కళ్ళు మీ అక్క దగ్గరున్నాయి అనేవారు. నేనూ అందరికీ అదే చెప్పుకున్నా. సిగ్గు లేకుండా, స్టేజీ ఎక్కి మైకులో కూడా చెప్పాను.”

నాన్న గొంతు సవరించుకున్నాడు. “అయిందేదో అయిందిలేమ్మా. ఇప్పుడు గొడవెందుకు? నాకు డ్యూటీకి టైమవుతోంది. సోమవారం నేనే సెలవు పెట్టి ఆ చూపులేనివాళ్ళ వనరుల కేంద్రానికి తీసుకెళ్తా. నిదానంగా కనుక్కుందాం.”

ఆయన ఒక పెద్ద ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాడు. డ్యూటీ పదింటికి. తొమ్మిదింటికల్లా చిన్నదాని చెయ్యి పట్టుకుని కాలేజీ గేటు దాకా దింపి వెళ్తాడు. ఐదేళ్ళలో ఒక్కరోజు తప్పలేదు. ఇంట్లో గట్టిగా మాట్లాడని మనిషి ఆయనొక్కడే.

“చేరడానికి ఇంకా ఆరు రోజులుంది నాన్నా. విన్నావుగా, పద్దెనిమిదిలోగా చేరాలంట. సోమవారం దాకా ఎందుకు? వనరుల కేంద్రం శనివారం కూడా తెరిచే ఉంటుంది. అక్కడి మేడమే నాతో పరీక్ష రాయించింది. ఇప్పుడే వెళ్తా.”

“ఒక్కదానివా?”

“నా కర్ర ఎక్కడ పెట్టావు?”

నాన్న బీరువా పైకి చూశాడు. కేంద్రం వాళ్ళిచ్చిన తెల్లకర్ర రెండేళ్ళుగా అక్కడే ఉంది. “కర్ర పట్టుకుంటే రోడ్డు మీద అందరూ నిన్నే చూస్తారే” అని ఆయనే పెట్టాడు. ఇప్పుడు తియ్యడానికి ఆయన చెయ్యి లేవలేదు. పెద్దమ్మాయి స్టూలేసుకుని ఎక్కి తీసింది. దుమ్ము తుడిచి చెల్లెలి చేతికిచ్చింది.

రేడియో థాంక్స్ చెప్పలేదు. చెయ్యీ అందివ్వలేదు.

*

వీధి చివరిదాకా రేడియో గోడకి కర్ర తాటించుకుంటూ నడిచింది. పెద్దమ్మాయి మూడడుగుల వెనక నడిచింది. ఆగివున్న స్కూటరుకి తగిలి అది తూలినప్పుడు ఒక్క అంగలో దగ్గరికి వెళ్ళింది.

“ముట్టుకోకు,” అంది రేడియో.

బస్సులో కండక్టరు చోటు ఇప్పించాడు. పక్క సీటు ఖాళీగా ఉన్నా పెద్దమ్మాయి నిలబడే ఉంది.

కేంద్రం ఒక పాత మేడలో రెండో అంతస్తు. మెట్ల పక్క కమ్మీకి ప్రతి అంతస్తు దగ్గరా చుక్కల అక్షరాలు అతికించారు. వరండాలో కుర్రాళ్ళిద్దరు ఇయర్‌ఫోన్లు చెవులకు తగిలించుకుని ఏదో పాఠం వింటున్నారు. ఒక అమ్మాయి మోకాళ్ళ మీద లావుపాటి పుస్తకం పెట్టుకుని రెండు చేతులతో చదువుకుంటోంది. ఆ పిల్ల పెదవులు కదులుతున్నాయి. ఎవరి సాయమూ లేకుండా, తనకి కావలసినంత నిదానంగా చదువుకుంటోంది. పెద్దమ్మాయి ఆ పిల్లని చూస్తూ నిలబడిపోయింది. ఇక్కడికి చాలాసార్లు వచ్చింది కానీ, ఎప్పుడూ మెట్ల కిందే కూర్చుని ప్రూఫులు దిద్దుకునేది.

మేడమ్‌కి యాభై దాటాయి. ఆమెకీ చూపు లేదు, కాకపోతే పుట్టుకతోనే. గొంతు వినగానే గుర్తుపట్టింది.

“రామ్మా. నీ మీద బోలెడు ఆశ పెట్టుకున్నాను. నువ్వే వద్దని రాసేశాక ఇంకేం చెయ్యను?”

“నేను రాశానా?”

“మరి? నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. సీటు రద్దయింది. నీ తర్వాత ఉన్నవాళ్ళకి కబురెళ్ళింది.”

రేడియో చేతిలోంచి కర్ర జారి నేల మీద పడింది. వంగి తీసుకోలేదు.

మేడమ్ గుమాస్తాని పిలిచింది. ఆయన ఫైలు తెచ్చి కాగితాలు తిరగేశాడు. “ఇదిగోనండీ. పోయిన నెల పదిహేనో తారీకు వేసి ఉంది. చేత్తో రాసిన ఉత్తరం. చదవమంటారా?”

“వద్దు,” అంది రేడియో. “సంతకం ఉందా?”

“ఉందమ్మా. నీదే. నీ దరఖాస్తు పక్కన పెట్టి చూసుకున్నాకే పై ఆఫీసుకి పంపాం. ‘ల’ పక్కన కొంచెం వంకర పోతుంది చూడు, అచ్చం అదే.”

రేడియో వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. పెదవులు బిగపట్టి అలాగే కూర్చుంది.

పెద్దమ్మాయి గుమాస్తా భుజం మీదుగా తొంగి చూసింది. ఎక్కువసేపు చూడక్కర్లేకపోయింది. రోజుకి పదిమంది చేతిరాతలు చూసే కళ్ళు అవి. తలకట్లన్నీ కుడివైపుకి ఎగిరినట్టు లేచి ఉన్నాయి. చిన్నప్పుడు తన స్కూలు సెలవుచీటీల మీద అవే తలకట్లు. సరుకుల చీటీ మీద అవే.

నాన్న రాత.

ఆమెకి ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తను దాచిన కవరు ఆయనకి దొరికింది. చదివాడు. చదివి, తిరిగి అదే మడతలో అదే చీరల కింద పెట్టేశాడు. తనని ఒక్క మాట అడగలేదు. తను చెప్పిన అబద్ధాన్ని పడుకోనిచ్చి, దాని మీద దుప్పటి కప్పాడు.

“ప్రతి ఏడూ ఇలాంటివి రెండో మూడో వస్తాయమ్మా నాకు,” మేడమ్ అంటోంది. “ఎక్కువగా ఆడపిల్లలవే. అన్నీ చక్కటి చేతిరాతలేనట. అన్నిట్లోనూ ‘ఇంటి పరిస్థితుల వల్ల’ అనే ఉంటుంది. ఇక్కడ లాప్‌టాపులున్నాయి, పుస్తకాలున్నాయి, నేర్పేవాళ్ళున్నారు. అన్నీ ఉన్నాయి. ఇంటి గుమ్మం దాటించే మిషను మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.”

“ఇంకేం దారి లేదాండీ?” పెద్దమ్మాయి అడిగింది.

మేడమ్ ఆ గొంతు వచ్చినవైపు తిరిగింది. “నువ్వు అక్కవి కదూ? ఒక దారి ఉంది. మీ చెల్లి తర్వాత ఉన్నవాళ్ళు ఇంకా చేరలేదు. సోమవారం కమిటీ కూర్చుంటుంది. ఈ ఉత్తరం తన ఇష్టంతో రాసింది కాదని ఫిర్యాదు ఇవ్వాలి. ఊరికే ‘నేను రాయలేదు’ అంటే కుదరదు, సంతకం తనదే కాబట్టి. ఎవరు రాశారు, సంతకం ఎలా పెట్టించారు, పేర్లతో సహా ఉండాలి. వాళ్ళని పిలిచి అడుగుతారు కూడా.”

“కాపీ ఒకటి ఇప్పించండి,” అంది రేడియో.

తిరుగు బస్సులో ఆ కాపీ ముందు ఫోను పట్టుకుంది. “అక్షరాలు గుర్తించలేకపోయాను” అంది ఫోను. కాగితం తిప్పి పట్టుకుంది. మళ్ళీ అదే మాట. అచ్చు తప్ప చేతిరాత దానికి రాదు.

పెద్దమ్మాయి పక్క సీట్లోనే ఉంది. ‘ఇది కూడా నువ్వే రాశావా’ అన్న ప్రశ్న కోసం ఎదురుచూస్తోంది. జవాబు కూడా సిద్ధం చేసుకుంది. నిండా మునిగాక చలేమిటి? ఒక అబద్ధం ఎలాగూ తనదే. రెండోదీ తన నెత్తినే వేసుకుంటే చిన్నదానికి తండ్రయినా మిగుల్తాడు.

రేడియో ఆ ప్రశ్న వెయ్యలేదు.

*

శనివారం నాన్నకి ఒంటిపూటే. వాళ్ళు ఇల్లు చేరేసరికి కాళ్ళు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ ఇస్త్రీ ఆపి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

“ఏమన్నారే?”

“సీటు పోయిందమ్మా. నేనే వద్దని ఉత్తరం రాశానట.”

అమ్మ పెద్దమ్మాయి వైపు చూసింది. ఆ చూపు ఇంక ఏ సాక్ష్యమూ అడగలేదు. “చాలక ఇది కూడానా? నువ్వు కడుపున పుట్టినదానివేనా?”

“అమ్మా, నువ్వుండు.” రేడియో చెయ్యి చాపి కుర్చీ వెతుక్కుని, నాన్న మోకాళ్ళ దగ్గర కూర్చుంది. కాగితం ఆయన ఒళ్ళో పెట్టింది. “ఫోనుకి చేతిరాత రాదంట. నువ్వు చదువు నాన్నా.”

“అక్కనే...”

“అక్క చదివితే నేను వినను. నువ్వు చదువు.”

నాన్న కళ్ళజోడు వెతుక్కున్నాడు. అది జేబులోనే ఉంది. పెట్టుకున్నాడు. పెద్దమ్మాయి గోడకి ఆనుకుని ఆయన్నే చూస్తోంది. ఆయన మాత్రం ఆమెవైపు చూడలేదు.

“‘అయ్యా,’” మొదలుపెట్టాడు. “‘ఇంటి పరిస్థితుల వల్ల నేను ఈ కోర్సులో చేరలేకపోతున్నాను. నా సీటును మరొకరికి ఇవ్వగలరని కోరుతున్నాను. ఇట్లు, మీ విధేయురాలు.’”

ఎక్కడా తడబడలేదు. తెలిసిన పాఠం చదివినట్టు చదివాడు.

“చేతిరాత ఎవరిది నాన్నా?”

గదిలో ఇస్త్రీ చేసిన బట్టల వేడి వాసన. పక్కింట్లో ఎవరో నీళ్ళు పారబోసిన చప్పుడు.

పెద్దమ్మాయి నోరు తెరిచింది. ‘నాది’ అనబోయింది.

“అక్కదే,” అన్నాడు నాన్న.

తనంతట తాను ఇవ్వబోతున్న వస్తువుని ఎవరో చేతిలోంచి లాక్కుపోయినట్టయింది పెద్దమ్మాయికి. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. అయినా రేడియో తల ఆమెవైపు తిరగలేదు.

“మరి సంతకం?”

“నీ సంతకంలాగే... అదీ అదే పెట్టుంటుంది. ప్రెస్సులో పనిచేస్తోంది కదా, ఎలాంటి అక్షరమైనా...”

“నాదే నాన్నా. వాళ్ళు పోల్చి చూశారు.” రేడియో గొంతు అసలు పెరగలేదు. “పోయిన నెల మొత్తం మీద నేను ఒక్క కాగితం మీదే సంతకం పెట్టాను. కొత్త బస్సు పాసుకి దరఖాస్తు అన్నావు. నా వేలు పట్టుకుని గీత ఎక్కడుందో చూపించావు. పదిహేనో తారీకు. ఆరోజు వానని కాలేజీకి ఆటోలో వెళ్ళాం.”

నాన్న కళ్ళజోడు తీసేశాడు.

“తెలిసే చదివించావా నాచేత?” అన్నాడు.

“నువ్వు నిజం చదువుతావేమో చూద్దామనుకున్నా.”

“ఏమండీ,” అంది అమ్మ.

“పోయినేడు కాలేజీ ముందు ఒక్క నిమిషం చెయ్యి వదిలాను,” నాన్న నేలకేసి చూస్తూ అన్నాడు. “చిల్లర కోసం జేబులో చెయ్యి పెట్టాను, అంతే. కాలవలో పడ్డావు. నుదుటి మీద ఐదు కుట్లు. ఆ ఊళ్ళో నీ చెయ్యి ఎవరు పట్టుకుంటారే? నువ్వు రోడ్డు దాటలేవే.”

“నన్ను దాటనిస్తే కదా నాన్నా తెలిసేది.”

“ఆ ఉత్తరం మీ అక్క దాచిందని చూశాక, నా ఒక్కడికే కాదు, దానికీ అదే భయం అనుకున్నా. ఇద్దరం అనుకున్నాక తప్పనిపించలేదు.”

పెద్దమ్మాయికి ఆ మాట ఒంటి మీద వాతలా తగిలింది. కాదు, నాది ఆ భయం కాదు అని అరవాలనిపించింది. మరేమిటని అడిగితే చెప్పడానికి అంతకన్నా మంచి జవాబు తన దగ్గరా లేదు.

రేడియో లేచింది. గోడ పట్టుకుని బల్ల దగ్గరికి వెళ్ళింది. సంచిలోంచి తెల్లకాగితాలు తీసి పరిచింది.

“అక్కా, ఇలా రా. కూర్చుని రాయి.”

“ఏం రాయాలి?”

“ఫిర్యాదు. సోమవారం ఇవ్వాలిగా. ముందు నీ పేరు రాయి, ఏం చదివావో రాయి. తర్వాత నాన్న పేరు. రాశాక చదివి వినిపించు. రేపు ఇంకొకళ్ళతో కూడా చదివిస్తాను, కాబట్టి చూసి రాయి.”

పెద్దమ్మాయి కూర్చుంది. కలం మూత తీసింది. తేదీ వేసింది. తన పేరు రాసింది. చేసిన పని రాసింది. అనుకున్నంత కష్టంగా లేదది. నాలుగు వాక్యాల్లో అయిపోయింది.

“పెద్దదానా,” అమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. “కన్నతండ్రి మీద కాగితం పెడతావా? ఆఫీసుకి పిలిపించి నలుగురిలో నిలబెడతావా? చదువుదేముంది, వచ్చే ఏడు మళ్ళీ రాసుకుంటుంది. ఆయన పరువు మళ్ళీ వస్తుందా? ఆ కలం కింద పెట్టు.”

పెద్దమ్మాయి తలెత్తి నాన్నని చూసింది. ఆయన వద్దనీ అనలేదు, రాయమనీ అనలేదు. చిన్నప్పుడు సెలవుచీటీ మీద సంతకం చేసి ఇచ్చాక ఎలా చూసేవాడో అలాగే చూస్తున్నాడు. ఆ కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి.

కలం కాగితానికి ఆనింది. చుక్క సిరా దిగి, చుట్టూ పాకింది.

రేడియో బల్ల మీద చెవి వంచి నిలబడి ఉంది.

“రాస్తున్న చప్పుడు వినపడ్డం లేదక్కా,” అంది.